గుడ్డి లైట్లతో రోడ్డెక్కొద్దు
ట్రాక్టరు హెడ్‌లైటు లోపాలను గుర్తించడం, సరిచేసుకోవడం ఎలా?

వరి కోతలు, పత్తి తీతల రోజుల్లో ట్రాక్టరుకు పగలు, రాత్రి తేడా ఉండదు. పగలంతా కళ్లంలో బస్తాలు కుట్టి, పొద్దు వాలాక ఎత్తి, చీకట్లో మిల్లుకో కొనుగోలు కేంద్రానికో బయల్దేరతారు. మిరప రైతులైతే తెల్లారేసరికి గుంటూరు యార్డు చేరాలని అర్ధరాత్రి వేళే టిక్కీలు ఎత్తుతారు. నవంబరు, డిసెంబరు నెలల్లో సాయంత్రం ఆరు దాటితే చాలు చీకటి కమ్ముకుంటుంది. డీజిలు, ఇంజను ఆయిలు, టైర్లలో గాలి చూసుకునే వారు కూడా లైట్ల సంగతి మాత్రం చీకటి పడ్డాకే తలచుకుంటారు. అప్పుడు స్విచ్చి వేస్తే ఒకటి వెలగదు, రెండోది ఆముదం దీపంలా ఉంటుంది. 'నిదానంగా పోదాంలే' అని కదిలిపోతారు.

నిదానంగా పోయినంత మాత్రాన ప్రమాదం తప్పదు. లైటు ఉన్నది మనకు దారి చూపించడానికే కాదు, మనం వస్తున్నామని ఎదుటివాడికి చెప్పడానికి కూడా. ఒంటి లైటుతో వచ్చే ట్రాక్టరు ఎదురొచ్చేవారికి మోటారు సైకిలులా కనిపిస్తుంది. అందులోనూ కుడివైపు లైటు పోయి ఎడమదే వెలుగుతుంటే మరీ ముప్పు. ఎదుటివాడు ఆ ఎడమ లైటును చూసి 'బండి అంత పక్కకు పోతోంది కదా' అనుకుని దగ్గరగా వచ్చేస్తాడు. తీరా అక్కడ ట్రాక్టరు కుడి పెద్ద చక్రం ఉంటుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే మోటారు సైకిలు సెకనుకు దాదాపు 14 మీటర్లు ముందుకు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి బ్రేకు మీద కాలు వేసేలోగానే 14 నుంచి 20 మీటర్లు దాటిపోతుంది. బ్రేకు పట్టాక బండి ఆగడానికి మరో 15 మీటర్లకు పైనే కావాలి. అంటే 30 మీటర్ల దూరంలో కనిపించిన ట్రాక్టరు ముందు ఆ కుర్రవాడు ఆగలేడు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు (1989) ప్రకారం పొద్దుగూకిన అరగంట తర్వాత నుంచి, పొద్దు పొడవడానికి అరగంట ముందు వరకు రోడ్డు మీద నడిచే వాహనానికి లైట్లు వెలుగుతుండాలి. ముందు లైట్ల వెలుగులో 155 మీటర్ల దూరంలోని మనుషులు, వాహనాలు స్పష్టంగా కనిపించాలి. వెనక ఎర్ర లైటు కూడా 155 మీటర్ల నుంచి కనిపించాలి. మన ఊరి రోడ్డు పక్క కరెంటు స్తంభాల లెక్కన చూస్తే సుమారు మూడు స్తంభాల దూరం. ఈ లెక్కకు మన ట్రాక్టర్లలో ఎన్ని నిలుస్తాయో ఎవరి లైటు వాళ్లు వేసి చూసుకుంటేనే తెలుస్తుంది.

సొంత ట్రాక్టరు లేని చిన్న రైతులకు ఇదంతా ఎందుకని అనిపించవచ్చు. బాడుగ బండి ఎవరిదైనా అందులో పోయే పంట రైతుది, బస్తాల మీద కూర్చుని వచ్చేది రైతు ఇంటి మనిషో, కూలీయో. బాడుగ మాట్లాడేటప్పుడు రేటుతో పాటు 'లైట్లు వేసి చూపించు' అని అడగడంలో తప్పేమీ లేదు. రెండు నిమిషాల పని. ఎత్తుబడి అయ్యాక అడిగితే లాభం లేదు, ముందే అడగాలి.

కాలువ పూడితే తూము పెద్దది చేస్తారా?

వెలుగు తగ్గిందనగానే చాలామంది చేసే పని పెద్ద బల్బు వేయించడం. ఇప్పుడు ఎక్కువ ట్రాక్టర్లలో వాడే మూడు కాళ్ల హాలోజన్ బల్బు (హెచ్4 రకం) మామూలుగా 60/55 వాట్లది. హై లైటుకు 60, డిమ్ లైటుకు 55 అన్నమాట. దాన్ని తీసేసి 100/90 వాట్ల బల్బు వేయిస్తారు. రెండు రోజులు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. తర్వాత స్విచ్చి వేడెక్కుతుంది, వైరు పైతొడుగు మెత్తబడుతుంది, హోల్డరు మాడుతుంది, డూము లోపలి మెరుపు నల్లబడుతుంది.

కారణం తేలికగానే అర్థమవుతుంది. 12 వోల్టుల బ్యాటరీ మీద 55 వాట్ల బల్బు ఒకటి దాదాపు నాలుగున్నర ఆంపియర్ల కరెంటు లాగుతుంది. రెండు కలిస్తే తొమ్మిదికి పైనే. అదే 100 వాట్లవి రెండు వేస్తే పదహారు ఆంపియర్లు దాటుతుంది. కంపెనీ వేసిన సన్న వైరు, చిన్న స్విచ్చి ఆ భారం మోయలేవు. ధాన్యం మీదో వరిగడ్డి మీదో వైరు కాలితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అసలు లోపం చాలాసార్లు బల్బులో ఉండదు. బ్యాటరీ దగ్గర బయల్దేరిన కరెంటు బల్బు దాకా పూర్తిగా చేరకపోవడమే జబ్బు. కాలువ ఎగువన నిండుగా పారుతున్నా చివరి భూములకు నీరందనట్టే ఇదీను. మధ్యలో పూడిక ఉంటే చివరి పొలంలో తూము పెద్దది చేసి లాభమేముంది? ట్రాక్టరులో ఆ పూడిక పేరు తుప్పు, చిలుము, వదులు నట్టు, మెలిపెట్టి టేపు చుట్టిన వైరు ముడి.

బల్బుకు అందే వోల్టేజి 10 శాతం తగ్గితే వెలుగు కూడా 10 శాతమే తగ్గుతుందని అనుకుంటాం. కాదు, దాదాపు 30 శాతం పడిపోతుంది. అంటే దారిలో ఒకటి, ఒకటిన్నర వోల్టు పోగొట్టుకుంటే చాలు, బల్బు ఎంత కొత్తదైనా గుడ్డిగానే వెలుగుతుంది. కొత్త బల్బు వేసినా వెలుగు రాలేదని షాపువాడిని తిట్టుకునే వారు ఈ సంగతి గమనించాలి.

లక్షణాన్ని బట్టి లోపం

రెండు లైట్లూ ఒక్కసారిగా పోతే రెండు బల్బులూ ఒకేసారి మాడాయని అనుకోవద్దు. అలా జరగడం అరుదు. ముందు ఫ్యూజు చూడాలి. ఫ్యూజు బాగుంటే స్విచ్చి, ఆ తర్వాత స్విచ్చికి వచ్చే వైరు. ఫ్యూజు పోయినచోట సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితమో, రాగి తీగో చుట్టడం మన దగ్గర బాగా ఉన్న అలవాటు. ఫ్యూజు ఉన్నదే అవసరమైనప్పుడు తాను కాలిపోయి బండిని కాపాడటానికి. దాని స్థానంలో తీగ పెడితే ఫ్యూజుకు బదులు వైరింగు కాలుతుంది. ఎన్ని ఆంపియర్ల ఫ్యూజు ఉండాలో ఫ్యూజు పెట్టె మూత మీదో, ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకంలోనో రాసి ఉంటుంది. అదే వేయాలి. వేసిన వెంటనే మళ్లీ పోతే ఎక్కడో వైరు ఒరుసుకుపోయి ఇనుముకు తగులుతోందని అర్థం. బానెట్టు అంచుల దగ్గర, స్టీరింగు కింద, సైలెన్సరు పక్కగా పోయే వైర్లను ముందు వెతకాలి.

ఒక్క లైటే పోతే పరీక్ష ఇంకా సులువు. ఎడమ బల్బు కుడికి, కుడి బల్బు ఎడమకు మార్చి చూడాలి. వెలగని బల్బు అవతలి వైపు వేసినా వెలగకపోతే బల్బు పోయినట్టు. అక్కడ వెలిగితే బల్బు మంచిదే, లోపం హోల్డరులోనో వైరులోనో ఉంది. హై వెలిగి డిమ్ వెలగకపోయినా ఇదే పరీక్ష. ఒకే బల్బులో రెండు తీగలుంటాయి కాబట్టి ఒకటి తెగి రెండోది పనిచేయవచ్చు. రెండు వైపులా డిమ్ రాకపోతే మాత్రం డిప్పరు స్విచ్చిని అనుమానించాలి.

గుంతలో పడినప్పుడల్లా లైటు ఆరి వెలుగుతుంటే ఎక్కడో వదులుంది. బ్యాటరీ టెర్మినళ్లను చేత్తో కదిలించి చూడండి, కదలకూడదు. తర్వాత హోల్డరు. డూము పట్టుకునే స్క్రూలు, రబ్బర్లు అరిగిపోయి డూమే ఊగుతుంటే బల్బు తీగ అదురుకు తెగిపోతూ ఉంటుంది. నెలకొక బల్బు మార్చేవారు ఈ రబ్బర్లు కూడా చూసుకోవాలి.

రెండు లైట్లూ మసకగా ఉన్నాయనుకోండి. అప్పుడు రేజు పెంచి చూడాలి. రేజు ఇవ్వగానే వెలుగు బాగా పెరిగి, తగ్గించగానే పడిపోతుంటే బ్యాటరీ నీరసంగా ఉంది, లేదా ఛార్జింగు చాలడం లేదు. పొద్దున సెల్ఫ్ కూడా బరువుగా తిరుగుతుంటే ఇక అనుమానమే అక్కర్లేదు. సెల్ఫ్ చురుగ్గా తిరుగుతూ లైట్లు మాత్రం గుడ్డిగా ఉంటే బ్యాటరీని వదిలేసి వైర్లు, స్విచ్చి, ఎర్తు పట్టుకోవాలి. పది నిమిషాలు లైట్లు వేసి ఉంచి లైటు స్విచ్చిని తాకి చూడండి. చురుక్కుమంటే లోపల పాయింట్లు మాడినట్టే.

ఎర్తు లోపం అన్నిటికన్నా ఎక్కువ

ట్రాక్టరులో బ్యాటరీ ప్లస్ నుంచి బల్బుకు వైరు వస్తుంది. బల్బు నుంచి కరెంటు తిరిగి బ్యాటరీ మైనస్‌కు చేరాలి కదా, ఆ తిరుగు దారిలో ఎక్కువ భాగం బండి ఇనుమే. దీన్నే ఎర్తు అంటారు. దమ్ము చేసే ట్రాక్టరు బురదలో, నీళ్లలో తిరుగుతుంది. మందులు, ఎరువుల బస్తాలు మోస్తుంది. ఎర్తు వైరు బిగించిన చోట తుప్పు పడుతుంది, లేదా రంగు వేయించినప్పుడు నట్టు కింద రంగు చేరుతుంది. అంతే, కరెంటుకు తిరుగు దారి మూసుకుపోతుంది.

ఎర్తు లోపానికి కొన్ని విచిత్ర లక్షణాలుంటాయి. ఇండికేటరు వేస్తే హెడ్‌లైటు కూడా చిన్నగా కొట్టుకుంటుంది. బ్రేకు తొక్కితే వెనక లైటు వెలగాల్సింది పోయి ఇంకా మసకబారుతుంది. హై వేస్తే హై, డిమ్ రెండు తీగలూ ఎర్రగా మినుకుమంటాయి. కరెంటు తన దారి మూసుకుపోయి పక్క బల్బుల గుండా దారి వెతుక్కోవడమే దీనికి కారణం. మెకానిక్కులు కూడా కొందరు ఇక్కడ తికమకపడి వైరింగు మొత్తం మార్చాలంటారు. డబ్బు కట్టే ముందు ఈ పరీక్ష చేయించండి.

రెండు మీటర్ల మందపాటి వైరు ఒకటి తీసుకుని రెండు చివర్లా తొడుగు తీయాలి. లైట్లు వేసి ఉంచి, వైరు ఒక చివర బ్యాటరీ మైనస్‌కు గట్టిగా పట్టాలి. రెండో చివరను హెడ్‌లైటు ఎర్తు వైరు బిగించిన చోట ఆనించాలి. లైటు ఒక్కసారిగా తెల్లగా వెలిగితే జబ్బు దొరికింది, ఎర్తే లోపం. ఆ నట్టు విప్పి, వైరు చివరి రింగును, అది కూర్చునే ఇనుమును గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించి పైన కాస్త వాజిలిన్ రాస్తే సరిపోతుంది. ఖర్చు దాదాపు ఏమీ ఉండదు. ఈ వైరు చివర ప్లస్‌కు మాత్రం తగలనీయవద్దు, పెద్ద మెరుపు వస్తుంది, చెయ్యి కాలుతుంది.

మల్టీమీటరు ఉన్న ఎలక్ట్రీషియను దగ్గరైతే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఇంజను ఆపి లైట్లు వేసి బ్యాటరీ దగ్గర వోల్టులు చూడాలి. అలాగే లైటు వెలుగుతుండగానే హోల్డరు కాళ్ల దగ్గర చూడాలి. రెండింటికీ తేడా అర వోల్టు లోపు ఉంటే మంచిది. ఒక వోల్టు దాటితే దారిలో పూడిక ఉన్నట్టు. బల్బు తీసేసి ఉత్త హోల్డరు మీద చూస్తే 12 వోల్టులు చూపించి మోసం చేస్తుంది. భారం ఉన్నప్పుడే చూడాలి.

వైర్లు పాతబడిన బండికి రిలే పెట్టించుకోవడం మంచి మార్గం. రిలే ఉంటే బల్బులకు కరెంటు బ్యాటరీ నుంచి మందపాటి వైరు ద్వారా నేరుగా పోతుంది, స్విచ్చి కేవలం రిలేను పనిచేయిస్తుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బ్యాటరీకి దగ్గరగా ఒక ఫ్యూజు తప్పనిసరి. 100 వాట్ల బల్బుకు పెట్టే డబ్బు దీనికి పెడితే 55 వాట్ల బల్బే నిండుగా వెలుగుతుంది.

గడ్డివాము పక్కనో, పాకలోనో నిలిపే ట్రాక్టర్లకు ఎలుకల బెడద ఉంటుంది. బానెట్టు కింద గూడు పెట్టి వైర్లు కొరుకుతాయి. వారానికోసారి బానెట్టు ఎత్తి చూడాలి. తెగిన వైరును మెలిపెట్టి టేపు చుడితే ఎండకు టేపు ఊడి చిలుము పడుతుంది. సోల్డరింగు చేయించి పైన తొడుగు వేయించాలి.

బ్యాటరీ, ఛార్జింగు

బండి రాత్రంతా నిలిపి ఉంచాక పొద్దున్నే బ్యాటరీలో 12.6 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 కంటే తక్కువ ఉంటే ఖాళీ అయినట్టే. ఇంజను నడుస్తున్నప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే ముందు ఫ్యాను బెల్టు చూడాలి. బెల్టు మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం మేర లొంగాలి. మరీ జారిపోతుంటే బిగించాలి. దుమ్ము, ఆయిలు పట్టిన బెల్టు కూడా జారుతుంది.

కొందరికి దీనికి తిరగబడిన జబ్బు ఉంటుంది. లైట్లు కళ్లు మిరుమిట్లు గొలిపేలా వెలుగుతాయి, రైతు సంతోషిస్తాడు, కానీ నెల తిరక్కుండానే బల్బులు మాడుతుంటాయి. బ్యాటరీలో డిస్టిల్డ్ వాటరు ఊరికే ఇంకిపోతుంటుంది. ఇది రెగ్యులేటరు లోపం. మీటరులో 15 వోల్టులు దాటి చూపిస్తుంది. వోల్టేజి 5 శాతం పెరిగితే బల్బు ఆయుష్షు సుమారు సగమైపోతుంది. ఎన్ని బల్బులు మార్చినా ఉపయోగం లేదు, రెగ్యులేటరు మార్చాలి. ఆలస్యం చేస్తే బ్యాటరీ కూడా పోతుంది.

టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా పూత పేరుకుంటే వేడినీళ్లలో వంట సోడా కలిపి కడిగి, ఆరాక బిగించి వాజిలిన్ రాయాలి. విప్పేటప్పుడు ముందు మైనస్, బిగించేటప్పుడు చివర మైనస్. బ్యాటరీలో బావి నీరు, కుళాయి నీరు పోయకూడదు. ఛార్జింగు అవుతున్న బ్యాటరీ నుంచి మండే గ్యాసు వస్తుంది, బీడీ కాలుస్తూ మూతలు తీయవద్దు. ట్రక్కుకో, నాగలికో వెల్డింగు పెట్టించేటప్పుడు వాటిని ట్రాక్టరు నుంచి విడదీయాలి. ట్రాక్టరుకే వెల్డింగు అయితే బ్యాటరీ, ఆల్టర్నేటరు వైర్లు ముందే విప్పించాలి. లేకపోతే ఆల్టర్నేటరు లోపలి డయోడ్లు పోతాయి.

డూము, అద్దం, గురి

వైరింగు అంతా బాగున్నా వెలుగు లేకపోతే డూము చూడాలి. లోపలి పూత అద్దంలా మెరవాలి. తెల్లగా పొడిబారినా, నల్లబడినా ఎంత మంచి బల్బు వేసినా వెలుగు ముందుకు పోదు. దాన్ని గుడ్డతో తుడిస్తే పూత లేచిపోతుంది. డూము మార్చడమే దారి. దమ్ము చక్రాలతో పొలంలో తిరిగి వచ్చాక ప్రెజరు నీళ్లతో బండి కడిగేటప్పుడు లైట్ల వెనక వైపు సూటిగా కొట్టకూడదు. బల్బు వెనక రబ్బరు మూత చిరిగినా, లేకపోయినా నీరు లోపలికి పోతుంది. మూత ధర చాలా తక్కువ, అది లేక పోయే డూము ధర ఎక్కువ.

కొత్త రకం ట్రాక్టర్లలో ముందు అద్దం గాజుది కాక ప్లాస్టిక్‌ది. ఎండకు పచ్చబడి మసకబారుతుంది. పళ్ల పేస్టుతో రుద్దితే కొద్దికాలం తేటగా కనిపిస్తుంది. పై రక్షణ పూత పోయి ఉంటుంది కాబట్టి మళ్లీ మసకబారుతుంది. నీడలో నిలపడం, లేదా బానెట్టు ముందు గోనెపట్టా కప్పడం మేలు.

హాలోజన్ బల్బు వేసేటప్పుడు గాజును వేళ్లతో పట్టుకోవద్దు. చేతి జిడ్డు అంటినచోట గాజు ఎక్కువ వేడెక్కి బల్బు త్వరగా పోతుంది. ఇనుప అంచు పట్టుకోవాలి, లేదా శుభ్రమైన గుడ్డతో పట్టుకోవాలి.

లైటు గురి చూడటానికి గోడ చాలు. చదునైన నేల మీద గోడకు ఎదురుగా 25 అడుగుల దూరంలో ట్రాక్టరు నిలపాలి. నేల నుంచి హెడ్‌లైటు మధ్య భాగం ఎంత ఎత్తులో ఉందో కొలిచి గోడ మీద అదే ఎత్తున సుద్దతో గీత గీయాలి. డిమ్ లైటు వేస్తే వెలుగు పై అంచు ఆ గీతకు కనీసం నాలుగు వేళ్ల కింద ఉండాలి. రెండు వైపులా సమానంగా ఉండాలి. తేడా ఉంటే డూము స్క్రూలతో సరిచేయవచ్చు. ఇక్కడ ఒక కిటుకు ఉంది. రెండు చక్రాల ట్రక్కుకు బరువు ఎత్తితే ట్రాక్టరు వెనక భాగం కుంగి ముక్కు పైకి లేస్తుంది. ఖాళీ బండి మీద సరిగా ఉన్న లైటు లోడు వేశాక చెట్ల కొమ్మల మీద పడుతుంది. అందుకని లోడుతో ఉన్నప్పుడే గురి చూసుకోవాలి.

పొగమంచులో హై లైటు వేస్తే ఎదురుగా తెల్లటి తెర కట్టినట్టు ఉంటుంది. మంచు బిందువులకు తగిలి వెలుగు మన కళ్లలోకే తిరిగి వస్తుంది. డిమ్ లైటులోనే కాస్త దారి కనిపిస్తుంది.

ఎల్ఈడీల మోజు

ఈమధ్య కుర్రాళ్లు ట్రాక్టరు నెత్తిన ఎల్ఈడీ పట్టీలు, హెడ్‌లైట్లలో తెల్లని ఎల్ఈడీ బల్బులు పెట్టిస్తున్నారు. ఎల్ఈడీకి కరెంటు తక్కువ ఖర్చవుతుంది, అది నిజం. రాత్రిపూట పొలంలో రోటవేటరు వేసుకోవడానికి ఎల్ఈడీ లైటు బాగా పనికొస్తుంది. రోడ్డు మీద సంగతి వేరు. హాలోజన్ బల్బులో డిమ్ తీగ కింద చిన్న గిన్నెలాంటి రేకు ఉంటుంది. వెలుగు పైకి పోకుండా అదే ఆపుతుంది. డూము కూడా ఆ తీగ ఉండే చోటును బట్టే తయారైంది. అందులో మార్కెట్లో దొరికే ఎల్ఈడీ బల్బు పెడితే చాలావాటిలో వెలుగు కొలత తప్పి అన్ని వైపులా చిమ్ముతుంది. మనకు బాగా కనిపిస్తోందని అనుకుంటాం, ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. కళ్లు కమ్మినవాడు వచ్చి గుద్దేది మన ట్రాక్టరునే. కంపెనీయే ఎల్ఈడీ డూముతో ఇచ్చిన బండి అయితే ఈ ఇబ్బంది లేదు.

వెనక మడ్‌గార్డు మీద ఉండే తెల్లని పొలం లైటు కూడా అంతే. అది నాగలిని, గొర్రును చూసుకోవడానికి పెట్టింది. రోడ్డెక్కేముందు ఆపేయాలి. వెనక తెల్లలైటు వెలుగుతుంటే దూరం నుంచి వచ్చేవాడు ఎదురొచ్చే బండి అనుకుంటాడు.

ట్రక్కు వెనక చీకటి

హెడ్‌లైట్ల గురించి ఇంత చెప్పుకున్నా అసలు గండం ఎక్కువగా వెనకే పొంచి ఉంటుంది. ముందు ట్రాక్టరుకు లైట్లున్నా వెనక ట్రక్కుకు ఏమీ ఉండవు. ట్రాక్టరు వెనక లైట్లను ట్రక్కు, లోడు కప్పేస్తాయి. వేగంగా వచ్చే లారీకి, బైకుకు ముందున్నది నల్లటి గోడ.

ట్రక్కుకు లైట్లు బిగించినా ఎక్కువ రోజులు ఎందుకు పనిచేయవంటే, అక్కడా ఎర్తే కారణం. ట్రాక్టరుకు, ట్రక్కుకు మధ్య ఇనుము కలిసేది పిన్ను ఒక్కటే. అది గ్రీజు, తుప్పు, దుమ్ముతో ఉంటుంది. దాని మీద ఆధారపడకుండా ప్లగ్గులోనే ఎర్తుకు విడిగా ఒక వైరు వేయించాలి. వైరు నేల మీద ఈడ్చుకోకుండా, మలుపు తిరిగినప్పుడు తెగకుండా కాస్త వదులుగా కట్టాలి. లైట్లను ట్రక్కు తలుపుకు కాకుండా కింద చట్రానికి లోపలివైపుగా బిగిస్తే బస్తాలు దించేటప్పుడు పగలవు.

లైటు పోయినా పనిచేసేది మెరిసే పట్టీ. వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు. ఎరుపు ముందువైపు అంటించకూడదు. తుప్పు, బురద మీద అంటిస్తే వారంలో ఊడుతుంది. ఇనుమును గరుకు కాగితంతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి అంటించాలి. దాని మీద బురద ఉంటే మెరవదు కాబట్టి బయల్దేరే ముందు తడిగుడ్డతో ఒకసారి తుడవాలి. గడ్డి, పత్తి, చెరకు లోడు వెనకకు వేలాడి పట్టీని, లైటును రెంటినీ మూసేస్తుంది. అలాంటప్పుడు ఎర్రని రిఫ్లెక్టరు ఒకటి వెదురు కర్రకు కట్టి లోడు చివర వేలాడదీయాలి. ఎడ్లబండికి కూడా వెనక ఇదే పట్టీ అంటించుకోవచ్చు.

దారిలో బండి ఆగిపోతే వీలైనంత మేర రోడ్డు దించాలి. దించలేకపోతే ఎర్ర రిఫ్లెక్టరు త్రిభుజాన్ని వెనక 50 మీటర్లకు తగ్గకుండా, మలుపు ఉంటే మలుపుకు ముందే పెట్టాలి. ఒక మనిషి టార్చితో పక్కన నిలబడాలి. మన దగ్గర రాళ్లు పేర్చడం అలవాటు. రాయి చీకట్లో కనిపించదు. బండి బాగయ్యాక రాళ్లు అక్కడే వదిలేసి పోతారు, తర్వాత వచ్చే బైకువాడు వాటికి తగిలి పడతాడు. రోడ్డు మీద ధాన్యం ఆరబోసి చుట్టూ రాళ్లు పెట్టేవారికీ ఈ మాటే వర్తిస్తుంది.

పెట్టెలో ఉండాల్సినవి

టూల్ పెట్టెలో ఒక హెడ్‌లైటు బల్బు, నాలుగు ఫ్యూజులు, గరుకు కాగితం ముక్క, రెండు మీటర్ల వైరు, టార్చి ఉంచుకుంటే రోడ్డు మీద చిక్కుపడరు. విడి బల్బును అట్టపెట్టెలోనే గుడ్డలో చుట్టి ఉంచాలి, లేకపోతే స్పానర్ల మధ్య అదిరి తీగ తెగుతుంది. టెస్టరు లైటు ఇంట్లోనే చేసుకోవచ్చు. 12 వోల్టుల చిన్న ఇండికేటరు బల్బుకు హోల్డరు పెట్టి రెండు వైర్లు కలిపితే చాలు. ఒక వైరు బండి ఇనుముకు ఆనించి, రెండోది ఫ్యూజు దగ్గర, స్విచ్చి దగ్గర, హోల్డరు దగ్గర వరసగా తాకిస్తూ పోవాలి. ఎక్కడిదాకా వెలిగిందో అక్కడిదాకా కరెంటు వస్తోంది, ఎక్కడ ఆరిందో దానికి ముందు ముక్కలో లోపం ఉంది.

ట్రాక్టరు నడపడం, మరమ్మతులు పద్ధతిగా నేర్చుకోవాలనుకునే యువ రైతులకు అనంతపురం దగ్గర గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉంది. రైతులకు యంత్రాల వాడకం, నిర్వహణ మీద అక్కడ తరగతులు జరుగుతాయి. శిక్షణ తేదీల కోసం సంస్థకు నేరుగా రాయవచ్చు, లేదా మండల వ్యవసాయాధికారిని అడగవచ్చు.